శనివారం విందుకు గురువారం రాత్రే ఫ్రీజర్ తెరవండి

గత శనివారం, మా పక్క వీధిలోకి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు అత్తవారి తరఫు బంధువులను రాత్రి భోజనానికి పిలిచి, ఉదయం ఎనిమిదింటికి రాయిలా గడ్డకట్టిన రెండు కిలోల గొర్రె భుజాన్ని ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా స్లో కుక్కర్‌లో (సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్రలో) పెట్టాడు. మధ్యాహ్నం రెండింటికి అనుమానం వచ్చి నన్ను పిలిచాడు. ఇల్లంతా మసాలా వాసన, కత్తి గుచ్చి చూస్తే ఎముక దగ్గర ఇంకా చల్లదనం. మొత్తం పారవేయించాను. అమెరికా వచ్చిన మొదటి చలికాలంలో నేనూ ఇదే పని చేశాను. పారవేయడానికి మనసొప్పక అందరం తిన్నాము, ఇంటిల్లిపాదీ రెండు రోజులు మంచం పట్టాము.

ఈ పొరపాటుకు మన అలవాటే కారణమని నా నమ్మకం. మన ఊళ్ళలో ఆదివారం ఉదయం దగ్గరుండి కొట్టించుకున్న మాంసం మధ్యాహ్నానికి కూరైపోతుంది. ముందే ఫ్రీజర్ నుంచి తీసి పెట్టాలన్న ఆలోచనే మనకు రాదు. ఇక్కడ దొరికే గొర్రె మాంసంలో చాలా భాగం ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల నుంచి వస్తుంది, గడ్డకట్టిన ముక్కే తరచు చేతికి అందుతుంది. పైగా ప్రెషర్ కుక్కర్ మీద ఉన్న నమ్మకాన్నే స్లో కుక్కర్ మీదా పెట్టుకుంటాము. మొదటిది నిమిషాలలో 120 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరుతుంది. రెండవది వేడెక్కడానికే గంటలు తీసుకుంటుంది. 4 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములు వేగంగా పెరుగుతాయి, వాటిలో కొన్ని వదిలే విషం తరువాత ఎంత ఉడికించినా పోదు. రాత్రి దాకా ఉడుకుతుంది కదా, ఏమవుతుందని దయచేసి నాతో వాదించకండి.

రెండు కిలోల ముక్క ఫ్రిజ్‌లో కరగడానికి కనీసం ఒక పూర్తి రోజు పడుతుంది, ఎముక ఉంటే ఇంకొంత. అందుకే శనివారం విందుకు గురువారం రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి, లోతైన పళ్ళెంలో కింది అరలో ఉంచండి; కారిన నీరు పెరుగు మీదా కొత్తిమీర మీదా పడకూడదు. వంటగట్టు మీద వదిలివేయడం అసలు పనికిరాదు. ఆలస్యమైతే నీరు చొరని సంచిలో కట్టి చన్నీళ్ళలో ముంచి, అరగంటకొకసారి నీళ్ళు మార్చండి. ఒకటిన్నర కిలోల ముక్కకు రెండు మూడు గంటలు పడుతుంది, ఆ తరువాత వెంటనే వండాలి. ఎముక పక్కన వేలితో నొక్కి, గడ్డ లేదని రూఢి చేసుకున్నాకే కుక్కర్ దగ్గరికి వెళ్ళండి.

మిగతా వంట మీకు కొత్త కాదు. పెద్ద ముక్కను కూరగాయలతో నెమ్మదిగా ఉడికించే ఈ వంటను (పాట్ రోస్ట్) ఇక్కడివారు ఎక్కువగా గొడ్డు మాంసంతో చేస్తారు, పద్ధతి మాత్రం ఒకటే. ముక్కను తడి లేకుండా తుడిచి, ఉప్పు పట్టించి, అన్ని వైపులా ఎర్రగా వేయించండి; కిటికీ తెరవకపోతే పొగ అలారం మోగుతుంది. క్యారెట్లు, బంగాళాదుంపలు ఇందులో మాంసం కన్నా నెమ్మదిగా ఉడుకుతాయి కనుక అడుగున పేర్చండి. ఆవిరి బయటికి పోదు కనుక ఒక కప్పు నీళ్ళు చాలు. కుక్కర్‌ను తక్కువ వేడి ('Low') మీద ఎనిమిది గంటలైనా ఉంచండి, మాటిమాటికీ మూత తీయకండి. నాలుగు గంటలకు రబ్బరులా ఉందని బెంగపడవద్దు. లోపలి వేడి 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చి కొంతసేపు నిలిస్తే తప్ప భుజం మాంసం విడివడదు.

ఇంత కటువుగా చెప్పాను కనుక ఒక మాట ఒప్పుకోవాలి. ఈ ముక్క ఓపికైనది, చుట్టాలు గంట ఆలస్యంగా వచ్చినా చెడదు. ముందే కరిగించడం మరచిపోయినా విందు ఆపనవసరం లేదు: స్లో కుక్కర్‌ను పక్కన పెట్టి, మూత ఉన్న బరువైన పాత్రలో మాంసం ఉంచి, 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఓవెన్‌లో వండండి. మామూలుగా మూడున్నర గంటలు పట్టేది ఐదు గంటలు దాటుతుంది, అంతే. ఆ శనివారం మాకు అంత సమయం కూడా మిగలలేదు. తమ్ముడూ నేనూ కలిసి కోడిగుడ్ల పులుసు పెట్టాము, చుట్టాలు రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారు.