ఒంటారియోలో గడ్డకట్టిన సరస్సు మీద రాత్రి బర్బట్ వేట: విజయవాడ, గుంటూరు నుంచి వెళ్లేవాళ్లకు లైసెన్సు దరఖాస్తు విధానం

సంక్రాంతి అయ్యాక కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, వాళ్లతో ఒక రాత్రి గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే ప్రోగ్రాం వేసుకుంటున్నారా? అయితే స్వెట్టర్ల సంగతి తర్వాత, ముందు లైసెన్సు సంగతి చూసుకోండి. కృష్ణ ఒడ్డున తోచినప్పుడు గాలం వేసుకుని కూర్చున్నట్టు అక్కడ కుదరదు. సరదాకి ఒక్క చేప పట్టినా ప్రభుత్వ లైసెన్సు ఉండాల్సిందే.

రాత్రే ఎందుకంటే బర్బట్ అనే చేప తీరు అలాంటిది. కాడ్ అనే సముద్రపు చేపల కుటుంబంలో పూర్తిగా మంచినీళ్లలో బతికే చేప ఇదొక్కటే. చూడటానికి మన కొర్రమీనులా పొడుగ్గా, నున్నగా ఉంటుంది, గడ్డం కింద మాత్రం ఒకే ఒక్క మీసం. పగలు అడుగున కదలకుండా పడి ఉండి, చీకటి పడ్డాక మేతకు బయల్దేరుతుంది. మిగతా చేపలు చాలావరకు వేడి కోసం ఎదురుచూస్తుంటే, ఇది జనవరి నుంచి మార్చి మధ్య మంచు కిందే గుడ్లు పెడుతుంది. అక్కడివాళ్లు దీన్ని లింగ్ అని కూడా అంటారు. నార్త్ బే అనే ఊరి పక్కనున్న నిపిస్సింగ్ సరస్సు మీద రాత్రి ఉండటానికి పొయ్యి, మంచాలు ఉన్న గుడిసెలు అద్దెకు దొరుకుతాయి.

వీసా విషయం క్లుప్తంగా చెబుతాను. విజిటర్ వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఫీజు 100 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు ఇంకో 85. వేలిముద్రలు ఇవ్వడానికి హైదరాబాద్ వెళ్లి రావాలి. ఒకసారి ఇస్తే పదేళ్లు పనికొస్తాయి. పిల్లలకు కెనడా పౌరసత్వమో, శాశ్వత నివాసమో ఉంటే, ఎక్కువ కాలం ఉండాలనుకునే తల్లిదండ్రులకు సూపర్ వీసా ఉంది, దానికి కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా చూపించాలి.

ఇక లైసెన్సు. దీన్ని ఒంటారియో ప్రభుత్వ వేట, చేపల లైసెన్సుల వెబ్‌సైట్‌లో ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. మొదట మీరు ఏ కేటగిరీలోకి వస్తారో తేల్చుకోవాలి. మీ అబ్బాయి స్టూడెంట్ అయినా, వర్క్ పర్మిట్ మీద ఉన్నా, అక్కడే కాపురం ఉంటూ గత 12 నెలల్లో వరుసగా ఆరు నెలలు గడిపి ఉంటే ఒంటారియో నివాసి కింద లెక్క. మీరు మాత్రం కెనడా బయటి నివాసి. చాలామంది పొరబడేది ఇక్కడే. 65 దాటిన వాళ్లకు లైసెన్సు అక్కర్లేదట అని ఎవరో చెబుతారు. ఆ మినహాయింపు కెనడాలో నివసించేవాళ్లకే. విజయవాడ నుంచి వెళ్లిన తాతగారికి డెబ్బై ఏళ్లున్నా లైసెన్సు కొనాల్సిందే.

తర్వాత ఎన్ని రోజులకు తీసుకోవాలన్నది. ఒక్క రాత్రే కదా, ఒకరోజు లైసెన్సు చాలనుకుంటాం. దానికి అవుట్‌డోర్స్ కార్డు (వేట, చేపల లైసెన్సుల కోసం ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) కూడా అక్కర్లేదు కాబట్టి తేలిగ్గానే కనిపిస్తుంది. కానీ అది దాని మీద ఉన్న తేదీకే చెల్లుతుంది. సాయంత్రం గుడిసెలో దిగి, భోజనం చేసి, చేప అసలు కదిలే వేళకు గాలం వేసి కూర్చుంటే గడియారం పన్నెండు దాటుతుంది, తేదీ మారిపోతుంది. అందుకే రాత్రి వేటకు ఎనిమిది రోజుల లైసెన్సే మంచిదని నా అభిప్రాయం. అందులో స్పోర్ట్, కన్జర్వేషన్ అని రెండు రకాలు. రెండోదాంట్లో పట్టే చేపల పరిమితి తక్కువ, ఫీజూ తక్కువ. కూర వండుకోవడానికి నాలుగు చేపలు చాలనుకునే కుటుంబం స్పోర్ట్ కోసం డబ్బులు పోయడం ఎందుకు? ఎనిమిది రోజులదానికి అవుట్‌డోర్స్ కార్డు తప్పనిసరి. దాని ఫీజు 8.57 డాలర్లు, పన్ను అదనం, మూడేళ్లు చెల్లుతుంది.

ఫారంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మనవాళ్ల ఇంటిపేరు ఆధార్‌లో ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. మంచు మీద తనిఖీకి అధికారి వచ్చినప్పుడు మీ చేతిలో ఉండేది పాస్‌పోర్టే. నివాసం దగ్గర ఇండియా అడ్రసే ఇవ్వాలి, కార్డు పోస్టులో అందుకోవడానికి మాత్రం పిల్లల ఇంటి అడ్రస్ ఇవ్వడం నయం. మన బ్యాంకు కార్డుతో కట్టేటట్టయితే ఇంటర్నేషనల్ వాడకం ముందే ఆన్ చేసుకోండి, లేకపోతే చివరి పేజీలో పేమెంట్ ఫెయిలై అనవసరంగా టెన్షన్. డబ్బు కట్టాక వచ్చే లైసెన్సు పత్రాన్ని ప్రింట్ తీసుకోండి. ఫోన్‌లో చూపించినా ఒప్పుకుంటారు గానీ ఆ చలికి బ్యాటరీ ఇట్టే దిగిపోతుంది.

గుడిసె అద్దెకు తీసుకుంటే దాని రిజిస్ట్రేషన్ యజమాని బాధ్యత. బయట నంబరు పెద్దగా రాసి ఉందో లేదో ఒకసారి చూసుకోండి చాలు. సొంతంగా గుడ్డ డేరా వేసుకుంటే, అడుగు వైశాల్యం 7 చదరపు మీటర్లలోపు ఉన్నంతవరకు నంబరు అక్కర్లేదు. కాకపోతే ఫ్రెంచ్, మట్టావా నదులకు ఉత్తరాన ప్రభుత్వ భూమిలో క్యాంపు వేసే విదేశీయులకు విడిగా పర్మిట్ ఉండాలి. అక్కడి వ్యాపారి దగ్గర బస అద్దెకు తీసుకున్నవాళ్లకు ఆ గొడవ లేదు. మొదటిసారి వెళ్లేవాళ్లు డేరా జోలికి పోకుండా ఉంటే మేలు.

మంచు మీద ఒక్కొక్కరు రెండు గాలాలు వేసుకోవచ్చు. కానీ 60 మీటర్లలోపే ఉండి, వాటిని ఎప్పుడూ కళ్లెదురుగా ఉంచుకోవాలి. గాలం నీళ్లలో వదిలి దుప్పటి కప్పుకుని పడుకుంటే అది నేరమే. వంతులవారీగా మేలుకోండి, లేదా పడుకునే ముందు గాలాలు పైకి తీసేయండి. ఎవరి గాలానికి వాళ్ల లైసెన్సే ఉండాలని మర్చిపోవద్దు. అమ్మ ఊరికే పక్కన కూర్చుంటే ఏమీ అక్కర్లేదు, గాలం చేతిలోకి తీసుకుంటే మాత్రం ఆవిడకీ లైసెన్సు కావాలి.

ఎర చేపలు టొరంటోలో కొని కారులో వేసుకుని వెళ్లకండి. 2022 నుంచి అక్కడ ఎర జోన్లు పెట్టారు, కొన్న జోన్ దాటించకూడదు. సరస్సు దగ్గరి దుకాణంలోనే కొని రసీదు దాచుకోండి, అధికారి అడిగితే అదీ చూపించాలి. ఇక నడవడానికి కనీసం 15 సెంటీమీటర్ల గట్టి మంచు ఉండాలని కెనడా రెడ్‌క్రాస్ చెబుతుంది. పొయ్యి వెలుగుతున్నంతసేపూ గాలి ఆడేందుకు సందు తెరిచి ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.