దోచిన సొమ్ము ఏం చేశాడు?

క్యారెక్టర్ నటన, స్వీయ శిక్షణ: 5వ పాఠం

గత పాఠంలో మీకు మూడు డైలాగులున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పాత్ర ఇచ్చి, ఆ సీనులో అతనికి ఏం కావాలో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. ఈసారి సీనులో లేని సంగతి వెతుకుదాం. రచయిత చెప్పకుండా వదిలేసిన ఒక ప్రశ్న పట్టుకోవడం, దానికి జవాబు కట్టుకోవడం, ఆ జవాబును నోరు విప్పకుండా చూపించడం. ఈ పాఠమంతా ఇదే.

దీనికి మన గురువు అమెరికన్ నటుడు ఈలై వాలక్. పేరు చెబితే గుర్తురాకపోవచ్చు. ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో మెడకు ఉరితాడు పడినా తిట్లు ఆపని టూకో అంటే చాలామందికి వెంటనే మొహం కళ్ళ ముందుకొస్తుంది. మన కృష్ణ కౌబాయ్‌గా వేసిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971)లో నాగభూషణం నక్కజిత్తుల నాగన్నను చూసినా ఆ టూకోనే గుర్తొస్తాడు.

ముందు టూకో కంటే ఆరేళ్ళ వెనక్కి వెళ్దాం. 1960లో జాన్ స్టర్జెస్ ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ తీశారు. జపాన్ దర్శకుడు కురొసావా ‘సెవెన్ సమురాయ్’ కథనే మెక్సికో పల్లెకు తెచ్చిన సినిమా: దొంగల బారి నుంచి కాపాడుకోవడానికి రైతులు ఏడుగురు తుపాకీవీరుల్ని కూలికి పెట్టుకుంటారు. అందులో దొంగల నాయకుడు కాల్వెరా పాత్ర వాలక్‌కు వచ్చింది. హీరోలు ఏడుగురు, విలన్ ఒక్కడు. అతను తెర మీద ఉండే సమయం తక్కువే. అయితే స్క్రిప్టు జాగ్రత్తగా చదివితే ఇంకో విషయం తెలుస్తుంది. కాల్వెరా కనిపించని సీన్లలో కూడా అందరి మాటా అతని గురించే. ఎప్పుడొస్తాడు, ఎంతమందితో వస్తాడు, మళ్ళీ వస్తాడా. మీకు చిన్న పాత్ర ఇచ్చినప్పుడు ముందు మీ డైలాగుల కింద గీతలు గీయకండి. మీరు లేనప్పుడు మీ గురించి ఎవరేమన్నారో అక్కడ గీయండి. నన్నడిగితే పాత్ర బరువు తూచాల్సింది అక్కడే.

తర్వాత వాలక్ వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది. సినిమాల్లో బందిపోట్లు రైళ్ళు దోచుకుంటారు, ఊళ్ళు దోచుకుంటారు. ఆ డబ్బంతా ఏం చేస్తారు? ఏ సినిమాలోనూ అది చూపించరు. తన కాల్వెరా దాన్ని ఒంటి మీదే పెట్టుకుంటాడని ఆయన తేల్చుకున్నారు. అందుకే ఎర్రటి పట్టు చొక్కా, వేళ్ళకు ఉంగరాలు, నోట్లో బంగారు పళ్ళు, మంచి గుర్రం, దాని మీద ఖరీదైన జీను. దీనికి ఒక్క డైలాగు కూడా అదనంగా అక్కర్లేదు. పంట చేతికొచ్చే ముందు పల్లెలో దిగి, మీ కష్టాలు నాకు తెలుసు అన్నట్టు రైతులతో తీయగా మాట్లాడుతుంటే, ఆ నోట్లో పన్ను తళుక్కుమంటుంది. ఆ పన్ను ఎవరి సొమ్మో ఎదురుగా నిలబడ్డ రైతుకు తెలుసు, మనకూ తెలుసు.

ఇక్కడ కొంచెం ఆగాలి. చాలామంది ఈ ఉదాహరణను ‘గెటప్ మార్చాడు’ అని మాత్రమే అర్థం చేసుకుంటారు. గెటప్ అయితే మేకప్ మనిషి కూడా ఇవ్వగలడు. సినిమా చివర చూడండి. కాల్వెరా తూటా తగిలి పడిపోయాడు. ఆ ఏడుగురి నాయకుడిగా వేసిన యుల్ బ్రిన్నర్ వైపు చూస్తూ అడుగుతాడు: ఇలాంటి చోటుకి, నీలాంటి వాడు, ఎందుకు తిరిగొచ్చావు? జవాబు దొరక్కుండానే ప్రాణం పోతుంది. ఆ ఏడుగురికి ముట్టేది తలా ఇరవై డాలర్లు. ఇరవై డాలర్ల కోసం ఎవడూ చావడానికి రాడని కాల్వెరా లెక్క. సంపాదించిందంతా పళ్ళలోనూ చొక్కాలోనూ మోసుకు తిరిగే వాడికి ఇంకో లెక్క తోచదు కదా. ఆ ‘ఎందుకు’ అనే మాటకు అంత బరువు రావడానికి కారణం మొదటి సీనులోని బంగారు పన్నే అని నేననుకుంటాను. మంచి జవాబు దొరికితే ఇలాగే సినిమా పొడుగునా పని చేస్తుంది.

ఇంతకీ ఈ నటుడు ఎక్కడివాడు? వాలక్ 1915 డిసెంబరు 7న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు, రెడ్ హుక్ అనే పేటలో మిఠాయి దుకాణం నడిపేవారు. చుట్టుపక్కల ఎక్కువగా ఇటాలియన్ కుటుంబాలు. తర్వాత జీవితమంతా ఈయనకు సిసిలీ వాళ్ళ పాత్రలు, మాఫియా పెద్దల పాత్రలు వచ్చి పడుతూనే ఉన్నాయి. వాటి మాట తీరు, చేతుల విసురు ఆయనకు చిన్నప్పటి వీధిలోనే దొరికి ఉంటాయి. చరిత్ర చదవడానికి టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు (1936లో డిగ్రీ). గుర్రపు స్వారీ అక్కడే నేర్చుకున్నారు. ఇంట్లో వాళ్ళు టీచరు కమ్మంటే విద్యాబోధనలో ఎం.ఏ. కూడా చేశారు కానీ ఉద్యోగ పరీక్ష తప్పారు. న్యూయార్క్‌లోని నైబర్‌హుడ్ ప్లేహౌస్‌లో చేరి శాన్‌ఫర్డ్ మైస్నర్ దగ్గర నటన నేర్చుకున్నారు. అక్కడ ఒంటి కదలిక నేర్పింది నృత్యకారిణి మార్తా గ్రాహం. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం వైద్య విభాగంలో పనిచేసి కెప్టెన్ హోదాతో బయటికొచ్చారు.

1947లో న్యూయార్క్‌లో నటుల సాధన కోసం యాక్టర్స్ స్టూడియో మొదలైనప్పుడు తొలి సభ్యుల్లో ఈయన ఒకరు. 1951లో టెనెసీ విలియమ్స్ నాటకం ‘ది రోజ్ టాటూ’కు టోనీ అవార్డు (అమెరికా నాటకరంగంలో పెద్ద అవార్డు) వచ్చింది. 1953లో ‘ఫ్రమ్ హియర్ టు ఎటర్నిటీ’ సినిమాలో మాజియో పాత్ర చేతిదాకా వస్తే, విలియమ్స్ ఇంకో నాటకం ‘కమీనో రియల్’ కోసం వదిలేసుకున్నారు. ఆ పాత్ర ఫ్రాంక్ సినాట్రాకు వెళ్ళింది, సినాట్రాకు ఆస్కార్ తెచ్చింది. నాటకమేమో ఎక్కువ రోజులు ఆడలేదు. ‘అయ్యో’ అనకండి. మూడేళ్ళ తర్వాత, నలభై దాటాక ‘బేబీ డాల్’ (1956)తో మొదటిసారి వెండితెర మీదికొచ్చేసరికి, స్టేజీ మీద గట్టిపడిన మనిషి వచ్చాడు. బ్రిటిష్ అకాడమీ ఆయనకు ‘కొత్త నటుడు’ అవార్డు ఇచ్చింది. నలభై దాటిన కొత్త నటుడు! ఆడిషన్లకు వెళ్ళి ‘వయసైపోయింది’ అనిపించుకుని వచ్చేవాళ్ళు ఈ వాక్యం గోడకు అంటించుకోవచ్చు.

సరే, టూకో దగ్గరికి వద్దాం. ఆ సినిమా దర్శకుడు, ఇటలీకి చెందిన సెర్జియో లియోనే ఈయన్ని తీసుకోవడానికి కారణం ఒక చిన్న చేష్ట అంటారు. ‘హౌ ది వెస్ట్ వాజ్ వన్’ (1962)లో వాలక్ వేసిన దొంగ, పిల్లల వైపు వేళ్ళను తుపాకీలా చూపించి పేల్చినట్టు నటిస్తాడు. వాడు నవ్విస్తాడు, అదే క్షణంలో భయపెడతాడు. లియోనేకు కావాల్సింది అదే. లియోనేకు ఇంగ్లీషు సరిగా రాదు, వాలక్‌కు ఇటాలియన్ రాదు. ఇద్దరూ ఫ్రెంచిలో నెట్టుకొచ్చారు.

తుపాకుల దుకాణం సీను చూడండి. ఎడారి దాటి, ఒంట్లో తడి లేకుండా వచ్చిన టూకో దుకాణంలో దూరి, రకరకాల రివాల్వర్లు విప్పి, ఒకదాని గొట్టం, ఇంకోదాని చక్రం కలిపి తనకు కావాల్సిన తుపాకీ చేసుకుంటాడు. వాలక్‌కు తుపాకుల గురించి పెద్దగా తెలియదు, లియోనే ఆయన్ని తోచినట్టు చేయమని వదిలేశారు. ఆయనేం చేశారు? చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పి విన్నారు. సంతలో ఎద్దు పళ్ళు చూసే రైతు మొహం చూశారా, ఆ మొహమే పెట్టారు. వాగుడుకాయ టూకో ఆ కాసేపు దాదాపు నోరు మూసుకుంటాడు. వీడికి చదువు లేదు, మర్యాద లేదు, కానీ ఒక విద్య మాత్రం పూర్తిగా వచ్చు అని తెలిసిపోతుంది. నటుడికి రాని విద్య పాత్రకు వచ్చినట్టు కనిపించాలంటే వేగం అక్కర్లేదు, శ్రద్ధ చాలు. వంటమనిషి పాత్రకైనా, మెకానిక్ పాత్రకైనా ఇదే పని చేస్తుంది.

రెండో సీను, నా దృష్టిలో ఆయన చేసిన వాటిలో గొప్పది. ఎడారి ఎండకు చావుబతుకుల్లో ఉన్న హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్‌ను మఠానికి తెచ్చిన టూకో అక్కడ తన అన్నను కలుస్తాడు. అన్న ఫాదరీ. తల్లి ఎప్పుడో పోయిందని, తండ్రి కొద్ది రోజుల కిందటే పోయాడని ఆ అన్న చెబుతాడు. మాటా మాటా పెరుగుతుంది, చెంపదెబ్బ పడుతుంది. తర్వాత బండిలో కూర్చున్న టూకో పక్కనున్న ఈస్ట్‌వుడ్‌తో, మా అన్నకు నేనంటే ప్రాణం, నేనెప్పుడొచ్చినా నాకో గిన్నెడు సూప్ ఉంటుంది అని గొప్పలు చెబుతాడు. ఈస్ట్‌వుడ్ జరిగిందంతా చాటుగా చూశాడు, అయినా ఆ సంగతి ఎత్తకుండా తను కాలుస్తున్న చుట్ట ఇస్తాడు. టూకో చుట్ట నోట్లో పెట్టుకుని నములుతూ, కళ్ళు తుడుచుకుంటూ, మెల్లగా నవ్వు తెచ్చుకుంటాడు. వాలక్ ఏడుపు చూపించాలని ఎక్కడా ప్రయత్నించలేదు. అబద్ధాన్ని నిలబెట్టాలని మాత్రమే ప్రయత్నించారు. ఏడుపు దానంతట అది వచ్చింది.

ప్రమాదాల సంగతి కూడా చెప్పాలి. ఆ షూటింగులో సోడా సీసా పక్కన పెట్టిన యాసిడ్ సీసా ఎత్తి తాగబోయారు. చేతులు కట్టేసి ఉండగా గుర్రం బెదిరి పరుగెత్తింది. ఇంకోసారి పట్టాల పక్కన పడుకుని ఉంటే రైలు పెట్టెల మెట్లు తలకు అంగుళాల దూరంలో దూసుకెళ్ళాయి. ఇవి వీరగాథలుగా చెప్పుకుంటారు, నాకైతే నిర్లక్ష్యంలాగే కనిపిస్తాయి. షార్ట్ ఫిలిం కోసం బండి మీంచి దూకమంటే వద్దని చెప్పండి.

ఇంకో సంగతి, ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది. పోలండ్ మూలాల యూదుడు మెక్సికన్ దొంగగా, సిసిలీ వాడిగా, ‘లార్డ్ జిమ్’ (1965)లో ఆసియా యుద్ధనాయకుడిగా వేశారు. బహుముఖ నటుడు అనిపించుకున్నారు, నిజమే. అదే కాలంలో మెక్సికన్ నటులకు అలాంటి పెద్ద పాత్రలు దక్కడం అరుదు. యూదు పాత్రలూ వేశారు: ‘గర్ల్‌ఫ్రెండ్స్’ (1978)లో రబ్బీగా, అదే ఏడాది, నాజీల నుంచి దాక్కున్న యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కథ నాటకంలో తన భార్య ఆన్ జాక్సన్, ఇద్దరు కూతుళ్ళతో కలిసి ఆ బాలిక తండ్రిగా. మన దగ్గర తెలంగాణ, సీమ, ఉత్తరాంధ్ర యాసల్ని ఏళ్ళ తరబడి విలన్లకూ కమెడియన్లకూ అంటగట్టారు కదా, మీ సాధనలో ఆ దగ్గరదారి వద్దు. ముందు మీ సొంత యాసలో పాత్రను కట్టండి.

ఆయన వయసు మీరినా ఆగలేదు. ‘గాడ్‌ఫాదర్’ మూడో భాగం (1990)లో విషం కలిపిన తీపి తింటూ చచ్చిపోయే డాన్ ఆల్టొబెల్లో. ఈస్ట్‌వుడ్ తీసిన ‘మిస్టిక్ రివర్’ (2003)లో మద్యం దుకాణం ముసలాయన, టైటిల్స్‌లో పేరు కూడా లేదు. తొంభై దాటాక ‘ది హాలిడే’ (2006) విడుదలైంది. ఒక్కసారీ ఆస్కార్ నామినేషన్ రాలేదు, 2010లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 2014 జూన్ 24న, 98 ఏళ్ళ వయసులో పోయారు.

ఇక సాధన. వాచ్‌మన్ కాగితం తీయండి. అతని గురించి స్క్రిప్టులో లేని ప్రశ్నలు రాయండి. డబ్బు గురించి ఒకటైనా ఉండాలి: పండక్కి ఫ్లాట్ల వాళ్ళిచ్చిన మామూళ్ళు ఏం చేశాడు? మనుషుల గురించి ఒకటి: రాత్రి రెండింటికి అతనికి ఎవరు ఫోన్ చేస్తారు? వాటిలో మీరు రాసుకున్న ‘అతనికి కావాల్సింది’తో ముడిపడేదే ఉంచుకుని మిగతావి కొట్టేయండి. గేటు దగ్గర ఆపిన కుర్రాడి దగ్గర గౌరవం కావాలని రాసుకున్నారనుకుందాం. మామూళ్ళతో ఒక మంచి చేతిగడియారం కొనుక్కున్నాడు, టైము అడగకపోయినా చెబుతాడు. ఇది పనికొస్తుంది. బిగ్‌బాస్ చూస్తాడు అన్నది ఈ సీనుకు పనికిరాదు.

షూటింగుకు వెళ్ళేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. మీ ఆలోచన డైరెక్టరుకూ కాస్ట్యూమ్ వాళ్ళకూ ముందే చెప్పండి, టేక్ మధ్యలో జేబులోంచి తీయకండి. రెండోది కంటిన్యుటీ, అంటే షాటుకూ షాటుకూ తేడా రాకుండా చూసుకోవడం. ఒంటి మీద ఉండేది ప్రతి షాట్‌లో దానంతట అదే ఉంటుంది. చేత్తో చేసే పని అయితే వైడ్ షాట్‌లో ఏ మాట మీద చేశారో క్లోజప్‌లో కూడా అదే మాట మీద చేయాలి. అలవాటయ్యేదాకా ఒంటి మీద ఉండేవే ఎంచుకోండి.

సీనును ఫోన్‌లో రెండుసార్లు తీయండి, ఒకసారి ఆ వస్తువుతో, ఒకసారి వస్తువు లేకుండా. రెండో దాంట్లో కూడా ఆ గడియారం ఉన్న మనిషే కనిపిస్తున్నాడా అని చూడండి. కనిపించకపోతే గడియారం ఇంకా గెటప్‌గానే ఉన్నట్టు, మళ్ళీ తీయండి.

వచ్చే పాఠం బొంబాయి నటుడు డేవిడ్ అబ్రహాం మీద. కొంకణ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదుల కుటుంబంలో పుట్టినాయన. ‘బూట్ పాలిష్’ (1954)లో ఆయన జాన్ చాచాను ముందే చూసి, పిల్లలతో మాట్లాడేటప్పుడు ఆయన కళ్ళు ఎటు ఉన్నాయో రాసి ఉంచుకోండి.