తాడు లాగినా జనరేటర్ పలకడం లేదా? ముందు పెట్రోల్ సంగతి చూడండి

తొలకరికి ఈదురుగాలి తోడైందంటే ఉప్పల్‌లో మా వీధికి కరెంటు పోతుంది. నెలలుగా మూలన ఉన్న చిన్న ఇన్వర్టర్ జనరేటర్‌ను అప్పుడు బయటికి తీస్తాం. పోయినేడు పదిసార్లు తాడు లాగినా నాది స్టార్ట్ కాలేదు. ఇంజన్ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. తప్పంతా లోపల నిలవ ఉన్న పెట్రోల్‌ది.

స్టార్ట్ కాదు, లేదా చోక్ వేసి ఉంచితేనే నడుస్తుంది

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కార్బొరేటర్ గిన్నెలో నెలల తరబడి పెట్రోల్ ఉండిపోతే, ఆవిరయ్యేది అవుతుంది, జిగురు మిగులుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్క ఉంటుంది, దాన్నే పైలట్ జెట్ అంటారు. దాన్ని ఆ జిగురు మూసేస్తుంది. ఇంజన్‌కు పెట్రోల్ చాలదు. చోక్ వేస్తే గాలి తగ్గుతుంది కాబట్టి నడుస్తుంది, తీయగానే ఆగుతుంది. శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉన్నా ముందు దీన్నే అనుమానించండి.

ట్యాంకులోని పాత పెట్రోల్ తీసేయండి. కార్బొరేటర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గిన్నె ఖాళీ చేయండి. స్క్రూ మళ్లీ బిగించి, తాజా పెట్రోల్ పోసి తాడు లాగండి. అప్పటికీ చోక్ లేకుండా నడవకపోతే జెట్ విప్పి కార్బొరేటర్ క్లీనర్ కొట్టాలి. దయచేసి పిన్నీసు పెట్టి పొడవొద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. కొత్తది కావాలంటే పాతదాన్ని వెంట తీసుకుని సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ మార్కెట్‌కు వెళ్లండి, కొలత కలపడం తేలిక.

స్పార్క్ ప్లగ్ కూడా విప్పి చూడండి. నల్లగా ఉంటే తుడిచి, దాని కొనల మధ్య గ్యాప్ 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉందో లేదో చూసుకోండి.

కాసేపు నడిచి ఆగిపోతుంది

ట్యాంకు మూత మీద గాలి మీట ఉందా? అది మూసి ఉంటే ట్యాంకులోకి గాలి పోదు, పెట్రోల్ దిగదు. ఇంజన్ ఆగాక మూత తిప్పితే ‘సుస్’మని శబ్దం వస్తే కారణం అదే.

ఆయిల్ లైటు వెలుగుతుంది, ఇంజన్ నిలవదు

సమతలమైన చోట పెట్టి ఆయిల్ కొలవండి. వాలులో ఉన్నా సెన్సర్ ఆపేస్తుంది. ఈ మెషిన్లలో పట్టేదే అర లీటరో, అంతకన్నా కాస్త అటూఇటో. కొత్తదానికి మొదటి 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో ఆయిల్ మార్చాలి.

ఇంజన్ నడుస్తోంది, కరెంటు రాదు

ఎర్ర లైటు వెలిగితే ఓవర్‌లోడ్. ప్లగ్గులన్నీ పీకి, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. బోరు మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, దాన్ని వీటికి తగిలించొద్దు. ఫ్రిజ్‌కైతే ఎకో స్విచ్ (లోడు తక్కువైతే ఇంజన్ వేగం తగ్గించేది) ఆపి పెట్టండి.

ఇంటి సాకెట్‌లోకి వైరు పెట్టి ఇల్లంతా కరెంటు ఇచ్చే పని అస్సలు చేయొద్దు. అది బయటి లైన్లోకి వెళ్తే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. సెల్లార్‌లోనూ బాల్కనీలోనూ నడపొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే చంపేస్తుంది. తలుపులకు, కిటికీలకు దూరంగా, ఆరుబయటే పెట్టండి.

వాన తగ్గి దాచేటప్పుడు పెట్రోల్ కాక్ (ట్యాంకు నుంచి పెట్రోల్ వచ్చే మీట) కట్టేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. ట్యాంకు కూడా ఖాళీ చేసేయండి.