ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్ళ ఆఫీసు కుర్చీ: ఏ ఇబ్బందికి ఏది కారణం, ఏం చేయాలి

ఆరడుగులు దాటినవాళ్ళయినా, వంద కిలోలు పైబడినవాళ్ళయినా కుర్చీ కుదరలేదంటే ముందు టేపు తీయాలి. మూడు కొలతలు కావాలి. ఒకటి, రోజూ వేసుకునే చెప్పులతో నేల నుంచి మోకాలి మడత దాకా ఎత్తు. రెండు, గట్టి స్టూలు మీద గోడకి తుంటి ఆనించి కూర్చుని, గోడ నుంచి మోకాలి మడత దాకా పొడవు. మూడు, కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా రివ్యూలు చదివి రెండో కుర్చీ, మూడో కుర్చీ కొనేవాళ్ళే ఎక్కువ. దయచేసి ముందు ఇవి కొలిచి రాసుకోండి.

నడుము నొప్పి, అరగంటకల్లా ముందుకి జారిపోవడం

దీనికి అందరూ చెప్పే మందు ఒక్కటే: నడుము వెనక దిండు. పొడుగు మనుషుల విషయంలో చాలాసార్లు ఆ దిండే నొప్పిని పెంచుతుంది, ఎందుకంటే లోపం సీటు లోతులో ఉంటుంది.

తుంటిని పూర్తిగా వెనక్కి నెట్టి, వీపు ఆనించి కూర్చోండి. సీటు ముందు అంచుకీ మోకాలి మడతకీ మధ్య చెయ్యి పెట్టి చూడండి. రెండు మూడు వేళ్ళు పడితే సరిపోయినట్టే. బెత్తెడు ఖాళీ ఉందంటే ఆ సీటు మీకు పొట్టిది.

తొడ ముందు భాగానికి ఆధారం లేనప్పుడు బరువంతా పిరుదుల మీద పడుతుంది. ఆధారం కోసం ఒళ్ళు తనంతట తనే ముందుకి జరుగుతుంది. తుంటి ముందుకొచ్చాక నడుముకీ బ్యాక్‌రెస్ట్‌కీ మధ్య సందు పడుతుంది, వెన్ను గూనిలా వంగుతుంది, తోక ఎముక నొక్కుకుంటుంది. ఆ సందు కనబడగానే అందులో దిండు పెడతారు. ఇప్పుడు లెక్క చూడండి. ఆరడుగుల రెండంగుళాల మనిషికి గోడ నుంచి మోకాలి మడత దాకా 52 సెం.మీ. వచ్చిందనుకుందాం. 5 సెం.మీ. వదిలితే సీటు లోతు 47 ఉండాలి. కుర్చీలో ఉన్నది 44. దిండు నొక్కుకుపోయాక కూడా 5 సెం.మీ. మందం ఉంటే వాడుకోవడానికి మిగిలేది 39. అంటే 13 సెం.మీ. తొడ గాల్లో ఉంది. ఇంకా జారతారు, ఇంకా లావు దిండు కొంటారు.

వెబ్‌సైటులో రాసిన లోతుని నమ్మి మోసపోయేది కూడా ఇక్కడే. అక్కడ 50 అని ఉంటే అది కుషన్ మొత్తం పొడవు కావచ్చు. అందులో కొంత బ్యాక్‌రెస్ట్ కిందకి పోతుంది. మెష్ కుర్చీల్లో నడుము దగ్గరి ఉబ్బు ఇంకో మూడు నాలుగు సెంటీమీటర్లు తినేస్తుంది. ముందు అంచు కిందికి వంగి ఉంటే ఆ వంపు తొడని మోయదు. కాబట్టి షాపులో టేపు ఒక కొన బ్యాక్‌రెస్ట్‌లో బాగా ముందుకొచ్చిన చోట పెట్టి, రెండో కొన సీటు వంపు మొదలయ్యే చోటు దాకా లాగండి. మీకు దక్కే లోతు అదే.

ఉన్న కుర్చీనే సరిచేయాలంటే ఈ వరసలో చూడండి:

1. దిండు తీసేయండి. ఊడదీయగలిగే లంబార్ ప్యాడ్ (నడుముకి ఆనే మెత్త) ఉంటే అదీ తీసి ఒక రోజు కూర్చుని చూడండి.
2. సీటు కింద అటూ ఇటూ తడమండి. ఎత్తు లీవరు, వాలు లీవరు కాక మరొకటి ఉంటే అది సీటు స్లైడర్ అయ్యుండొచ్చు. తుంటి కొంచెం లేపి, లీవరు లాగి సీటుని ముందుకి జరపండి. ఏళ్ళ తరబడి వాడుతూ ఈ లీవరు ఉందనే తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు.
3. స్లైడర్ లేకపోతే కుర్చీని బోర్లించండి. సీటు పలకకి మెకానిజం (లీవర్లు ఉండే ఇనుప భాగం) నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. కొన్నిటికి రెండో జత రంధ్రాలు గానీ, పొడవాటి గాడులు గానీ ఉంటాయి. బ్యాక్‌రెస్ట్ మెకానిజానికి బిగించి ఉంటే సీటుని రెండు మూడు సెంటీమీటర్లు ముందుకి జరిపి మళ్ళీ బిగించవచ్చు. బ్యాక్‌రెస్ట్ సీటుకే బిగించి ఉంటే అదీ సీటుతో పాటే వస్తుంది, లోతు ఏమీ పెరగదు. చేసిన శ్రమంతా వృథా అయ్యేది ఇక్కడే, ముందే చూసుకోండి. కొత్త రంధ్రాలు వేసి ఇంకా ముందుకి లాగొద్దు. అంచు మీద కూర్చున్నప్పుడు కుర్చీ ముందుకి తిరగబడుతుంది.
4. బ్యాక్‌రెస్ట్ ఎల్ ఆకారపు పట్టీ మీద ఉండి, వెనక నాబ్ ఉంటే వదులు చేసి వెనక్కి లాగండి.
5. స్లైడర్ ఉన్న మెకానిజం వేరేగా వేయించుకోవచ్చు, కానీ బోల్టు రంధ్రాల మధ్య దూరం నిలువూ అడ్డమూ రెండూ సరిపోవాలి. కేంద్రం నుంచి కేంద్రానికి కొలిచి చెప్పండి.

వీటిలో ఏదీ కుదరకపోతే ఆ కుర్చీ మీకు పనికిరాదు. పైన ఎంత మెత్తటి కుషన్ వేసినా లోతు మారదు.

పిక్కల్లో తిమ్మిరి, మోకాలి వెనక ఒరుసుకోవడం

ఇది దానికి సరిగ్గా తిరగబడ్డ కేసు. ఐదున్నర అడుగుల ఎత్తు, 120 కిలోల బరువు ఉన్న మనిషి బరువు చూసుకుని పెద్ద సైజు కుర్చీ కొంటారు. ఆ కుర్చీ సీటు పొడుగువాళ్ళ కోసం కూడా చేసింది కాబట్టి లోతు ఎక్కువ, అంచు మోకాలి వెనక నొక్కుతుంది. బరువు వేరు, కాలి పొడవు వేరు. స్లైడర్ వెనక్కి తోయండి. అది లేకపోతే నడుము దిండు నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

లోతు సరిగ్గానే ఉండి తిమ్మిరి వస్తుంటే సీటు ఎత్తు ఎక్కువై ఉండొచ్చు. పాదాలు పూర్తిగా నేలకి ఆనేదాకా దించండి.

మోకాళ్ళు తుంటి కంటే పైకి లేవడం

సీటు ఎత్తు చాలడం లేదు. కంపెనీ రాసే ఎత్తు ఖాళీ సీటుది. బరువైన మనిషి కూర్చుంటే ఫోమ్ మూడు నాలుగు సెంటీమీటర్లు అణుగుతుంది, ఆ మేరకు తీసేసి మీ మొదటి కొలతతో పోల్చండి. పొడవాటి గ్యాస్ లిఫ్ట్ (సీటుని లేపే, దించే సిలిండరు, షాపుల్లో హైడ్రాలిక్ అంటారు) వేయిస్తే ఎత్తు పెరుగుతుంది. క్లాస్ 4 అని అడిగినంత మాత్రాన పొడవుది ఇవ్వరు. క్లాస్ చెప్పేది గొట్టం మందం, బలం గురించి. స్ట్రోకు (లేచి దిగే దూరం) ఎంతో, పూర్తిగా లేచినప్పుడు పొడవు ఎంతో అడగండి. సాధారణంగా కింది గొట్టం 50 మి.మీ., పై రాడ్డు 28 మి.మీ. ఉంటాయి కాబట్టి చాలా కుర్చీలకి ఒకదానిది ఇంకోదానికి పడుతుంది.

కుర్చీ లేపాక టేబులు కింద తొడలు తగిలితే టేబులు కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టండి. మన దగ్గర టేబుళ్ళు ఎక్కువగా 75 సెం.మీ. ఎత్తువే.

కూర్చోగానే మెల్లగా కిందికి దిగిపోవడం

కొత్త గ్యాస్ లిఫ్ట్ కొనేముందు కుర్చీని బోర్లించి, లీవరు చివర సిలిండరు తలమీది బటన్‌ని ఎప్పుడూ నొక్కి ఉంచుతోందేమో చూడండి. లీవరు వంగినా, కేబులు బిగుసుకున్నా మంచి సిలిండరు కూడా దిగిపోతుంది. బటన్‌కీ లీవరుకీ మధ్య సన్నటి సందు ఉండీ దిగుతుంటే సీలు పోయింది. రిపేరు చేయించొద్దు, మార్చండి. లోపల ఎక్కువ పీడనంతో నైట్రోజన్ ఉంటుంది, కోయడం, రంధ్రం వేయడం ప్రాణం మీదికి తెస్తుంది.

బరువు విషయంలో బిఫ్మా (ఆఫీసు ఫర్నిచరుకి పరీక్షా ప్రమాణాలు పెట్టే అమెరికా సంఘం) అన్న మాట ఒక్కటి చూసి కొనొద్దు. ఎక్స్ 5.1 పరీక్ష సుమారు 125 కిలోల మనిషి దాకా, ఎక్స్ 5.11 పెద్ద శరీరాలవాళ్ళ కోసం 181 కిలోల దాకా. పైగా ఆ ముద్ర ఒక్క బేస్‌కో (చక్రాలుండే కింది కాళ్ళు), ఒక్క గ్యాస్ లిఫ్ట్‌కో ఉన్నది కావచ్చు. మొత్తం కుర్చీకా అని అడగండి.

తొడలు పక్కల నుంచి నొక్కుకోవడం

గేమింగ్ కుర్చీల్లో పక్క గట్లతో కలిపి వెడల్పు రాస్తారు. గట్ల మధ్య చదునుగా ఉన్నంత వరకే కొలవండి. మీ తుంటి కంటే కనీసం 5 సెం.మీ. ఎక్కువ ఉండాలి. మామూలు కుర్చీలో ఆర్మ్‌రెస్టులే ఒత్తుకుంటుంటే, సీటు కింద వాటి బోల్టులు వదులు చేసి గాడి మేరకు బయటికి లాగండి. గాడి లేకపోతే ఊడదీసి పక్కన పెట్టండి, కానీ బ్యాక్‌రెస్ట్‌ని సీటుకి పట్టి ఉంచేది ఆ ఆర్మ్‌రెస్టులే అయితే మాత్రం తీయొద్దు.

వెనక్కి వాలితే పడిపోతున్నట్టు ఉండడం

సీటు కింద గుండ్రటి పెద్ద నాబ్ ఉంటుంది. వాలకుండా నిటారుగా కూర్చుని బిగించండి. వాలినప్పుడు స్ప్రింగు మీద బరువు ఉంటుంది, నాబ్ కదలదు. పూర్తిగా బిగించినా ఆగకపోతే ఆ స్ప్రింగు మీ బరువుకి సరిపడేది కాదు, మెకానిజం మార్చాలి.

కిర్రుమనడం, ఒక పక్కకి ఒరగడం

సీటు కింది నాలుగు బోల్టులూ ఆలెన్ కీతో బిగించండి. సీటు ప్లైవుడ్‌లో దిగ్గొట్టి ఉండే టీ నట్టు (బోల్టు పట్టేది) తిరుగుతుంటే ఎంత బిగించినా వదులే, కొత్త నట్టు వేయించాలి. నైలాన్ బేస్ కాళ్ళ మొదట్లో వెంట్రుక వాసి చీలిక కనబడిందా, ఆ రోజు నుంచే దాని మీద కూర్చోవడం మానండి. లోహపు బేస్ వేయించండి.

చక్రాలు మారిస్తే 11 మి.మీ. పిన్నుది, టైల్స్ మీదికి మెత్తటి పీయూ (పాలీయురేథేన్) రకం. నేల వాలుగా ఉండడం, సిలిండరు రాడ్డు వంగడం, మెకానిజం లోపల స్ప్రింగు విరగడం అరుదు. పైవన్నీ చూశాకే అటు వెళ్ళండి.