వాంతి వచ్చేలా ఉందా? ముంజేతి మీద నెయ్‌గ్వాన్ పాయింట్ ఎలా పట్టుకోవాలి, ఎలా నొక్కాలి

బస్సు ఘాట్ రోడ్డెక్కగానే కడుపులో తిప్పేవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు. మా ఇంట్లో మా అక్క కూతురు, తిరుమల వెళ్ళిన ప్రతిసారీ చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో కవర్ పెట్టుకుని కూర్చునేది. ముంజేతి మీద ఒక పాయింట్ నొక్కితే వికారం తగ్గుతుందని ఎవరో చెప్పారని నేను దాని చెయ్యి పట్టుకుని నా వేళ్ళతో కొలిచి నొక్కాను, ఏమీ తగ్గలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది, కొలవాల్సింది నా వేళ్ళతో కాదు, దాని వేళ్ళతో.

చైనా వైద్యంలో కొలతంతా ఎవరి ఒంటికి వాళ్ళదే. వాళ్ళ కొలమానం పేరు సున్, అంటే ఆ మనిషి బొటనవేలి వెడల్పు. ఈ పాయింట్ మణికట్టు గీత నుంచి మోచేతి వైపు రెండు సున్‌ల దూరంలో ఉంటుంది. పేరు నెయ్‌గ్వాన్, లోపలి ద్వారం అని అర్థం. వాళ్ళు చెప్పే శక్తి దారుల్లో ఛాతీ నుంచి మధ్యవేలి చివరిదాకా వెళ్ళేది పెరికార్డియం (గుండె పొర) దారి, అందులో మొత్తం 9 పాయింట్లుంటే ఇది ఆరోది, అందుకే చాలాచోట్ల పి6 అని రాస్తారు. వాళ్ళ లెక్కలో కడుపులో శక్తి కిందకి దిగాలి, అది ఎదురు తిరిగి పైకొస్తే వాంతి, ఈ పాయింట్ దాన్ని మళ్ళీ కిందకి దించుతుందని నమ్మకం.

సరే, ఇప్పుడు పట్టుకుందాం. అరచెయ్యి పైకి పెట్టండి. మణికట్టు దగ్గర రెండు మూడు గీతలుంటాయి కదా, అరచేతికి దగ్గరగా ఉన్నదే మనకి కావాలి. రెండో చేతి మూడు వేళ్ళు, అంటే చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ళు కలిపి (మూడూ కలిస్తే సుమారు రెండు సున్‌లు) అడ్డంగా పెట్టండి, ఉంగరం వేలి అంచు ఆ గీతకి ఆనాలి. మోచేతి వైపు చూపుడువేలు ఎక్కడ అయిపోతుందో అక్కడ బొటనవేలు పెట్టండి. ఇప్పుడు పిడికిలి బిగించి మణికట్టుని కొంచెం లోపలికి వంచితే రెండు గట్టి తీగలు లేస్తాయి, మనం నరాలంటాం గానీ అవి కండని ఎముకకి కట్టే స్నాయువులు. ఆ రెండిటి మధ్య గుంటలో ఉంటుంది పాయింట్. కొంతమందికి ఒక్క తీగే కనిపిస్తుంది, కంగారు పడకండి, మధ్యలో లేచే తీగ పుట్టుకతోనే లేనివాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు ఆ ఒక్క తీగకి చిటికెనవేలి వైపు పక్కనే నొక్కాలి.

చెయ్యి వదులుగా పెట్టి బొటనవేలితో నిటారుగా, గోరు కొంచెం తెల్లబడేంత నొక్కి చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దండి, ఒక్కో చేతికి రెండు మూడు నిమిషాలు. లోపల మొద్దుగా, లాగినట్టు నొప్పి తెలిస్తే సరైన చోటే. వేళ్ళు జివ్వుమంటే మాత్రం ఒత్తిడి తగ్గించండి, సరిగ్గా దాని కిందే అరచేతికి వెళ్ళే మీడియన్ నరం ఉంటుంది. అందుకే ఇంట్లో సూదులు గుచ్చుకునే ప్రయోగం అస్సలు వద్దు, అది నేర్చుకున్నవాళ్ళు ఒక్కసారి వాడి పారేసే సూదితో చెయ్యాల్సిన పని.

గుండీ ఉన్న సాగే బ్యాండ్లు కూడా దొరుకుతాయి. చాలామంది వాటిని వాచీలాగా మణికట్టు గీత మీదే వేసుకుంటారు, అలా వేసుకుంటే గుండీ పాయింట్ మీద ఉండదు, పైకి జరపండి. చెయ్యి వాచినా రంగు మారినా వెంటనే తీసెయ్యండి.

నిజంగా పనిచేస్తుందా అని అడిగితే, ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతుల విషయంలో కొంత ఆధారం ఉంది. 1986లో ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో మత్తు డాక్టర్ డండీ బృందం దీని మీద రాసింది, 2015లో వైద్య పరిశోధనలన్నీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ వాళ్ళు 59 ట్రయల్స్ కలిపి చూస్తే వికారం, వాంతులు రెండూ తగ్గినట్టు తేలింది. ప్రయాణంలో తిప్పడానికి మాత్రం ఫలితాలు ఒకేలా లేవు, కొందరికి తగ్గుతుంది కొందరికి తగ్గదు, కాబట్టి మీ మాత్ర మానెయ్యకుండా దానితో పాటే చెయ్యండి.

ఒక్క విషయం మాత్రం చాలా సీరియస్‌గా చెప్తున్నా. ఇదే పాయింట్‌ని చైనా వైద్యులు గుండె దడకి, ఛాతీ బరువుకి కూడా వాడతారు, అది చదివి ఛాతీ నొప్పితో చెమటలు పట్టి వికారంగా ఉన్న పెద్దవాళ్ళ చెయ్యి నొక్కుతూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. వాంతిలో రక్తం పడినా, తలకి దెబ్బ తగిలాక వాంతులైనా, గర్భిణికి నీళ్ళు కూడా నిలవకపోయినా హాస్పిటల్‌కే. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేసిన చేతిని ముట్టుకోవద్దు.

కదిలే బస్సులో కొలతలు కుదరవు, ఇంట్లోనే తీరిగ్గా పట్టుకుని పెన్నుతో చుక్క పెట్టుకోండి. మా పిల్ల ఇప్పుడు రెండు చేతులకీ చుక్కలు పెట్టుకునే బయల్దేరుతుంది, అలిపిరి రాకముందే నొక్కుకోవడం మొదలుపెడుతుంది. తిప్పడం పూర్తిగా పోలేదు, కానీ పోయినసారి కవర్ వాడకుండానే కొండెక్కింది.