చందా పెట్టెల రూపకల్పన – 4వ పాఠం: లోపలి కొలత, బయటి కొలత

చందాదారులకు నెలనెలా సరుకు పంపే పెట్టెల పాఠాల్లో ఈ విడతలో రంగులు, అచ్చు మొదలుపెట్టాలనుకున్నాను. వాటిని వచ్చే విడతకు వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం అభ్యాసం చేసి మీరు పంపిన ఫొటోల్లో సగానికి పైగా మూత పడని పెట్టెలే. మూత పడని పెట్టె మీద ఎంత చక్కటి బొమ్మ వేసినా దండగే. ముందు ఇది చక్కబడాలి.

ఒక ఫొటోను దగ్గరగా చూద్దాం. నెలనెలా ఆరు గుండ్రటి రేకు డబ్బాలు పంపే పెట్టె అది. డబ్బా వ్యాసం 78 మి.మీ. వరుసకు మూడు చొప్పున రెండు వరుసలు. పొడవు 234, దానికి 6 మి.మీ. సందు కలిపితే 240. వెడల్పు 156, సందు కలిపితే 160. ఎత్తు 95. ఇంతవరకు లెక్కలో తప్పేమీ లేదు. అయితే తయారీదారుకు పంపిన కాగితం మీద ‘240 × 160 × 95’ అని మాత్రమే ఉంది. ఆయన దాన్ని బయటి కొలత అనుకున్నారు. పెట్టె బయటికి సరిగ్గా 240 వచ్చింది, లోపల 231 మిగిలింది. మూడో డబ్బా పక్కగోడ మీదికెక్కి ఒరిగి కూర్చుంది.

ఆ 9 మి.మీ. ఏమైనట్టు? మనం వాడుతున్నది ఒకే అట్టముక్కను జిగురు లేకుండా మడిచి నిలబెట్టే మెయిలర్ పెట్టె. తయారీదారుల పట్టికల్లో దీన్ని ఫెఫ్కో (యూరప్ ముడతల అట్ట తయారీదారుల సంఘం) సంఖ్యతో 0427 అంటారు. దాని పక్కగోడను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. అట్ట పైకి లేచి, మళ్లీ లోపలికి మడత పడి అడుగుకు దిగుతుంది. అవి రెండు పొరలు. వాటి నడుమ ముందుగోడ, వెనకగోడల చెవులు (కొసల్లోని మడత రెక్కలు) దూరుతాయి కాబట్టి మూలల దగ్గర మూడు పొరలు. మనం వాడే ఇ-ఫ్లూట్ (సన్న ముడతల రకం) అట్ట మందం సుమారు 1.5 మి.మీ. ఒక పక్క 4.5, రెండు పక్కలకు 9. వెడల్పులో ఇంత పోదు. వెనక ఒక పొర, ముందు గోడకు తోడు లోపలికి దూర్చే మూత నాలుక, మొత్తం మూడు పొరలు, 4.5. ఎత్తులో అడుగు, మూత కలిపి 3.

బలంగా ఉంటుందని ఇద్దరు ముగ్గురు ఇంకా పెద్ద ముడతలుండే బి-ఫ్లూట్‌కు మారారు, గీసిన డైని (అట్ట కోత, మడత గీతల నమూనాను) మాత్రం మార్చలేదు. బి-ఫ్లూట్ దాదాపు 3 మి.మీ. మందం. అదే బయటి కొలతలో పొడవున 18 మి.మీ. గోడలకే పోతుంది. అట్ట మారితే డై మళ్లీ గీయాల్సిందే, వేరే దారి లేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది అట్ట మందం కాదు, పక్కన మాట లేని అంకె. ‘240’ అని రాస్తే అది కొలత కాదు. ‘లోపలి పొడవు 240 మి.మీ.’ అని రాస్తేనే కొలత. తయారీదారుకు పంపే కాగితం మీద, డై ఫైలులో, నమూనాకు అంటించే చీటీ మీద, ఫోనులో మాట్లాడేటప్పుడు కూడా ‘లోపలి’ అనే మాట ఉండి తీరాలి. వరుస ఎప్పుడూ పొడవు, వెడల్పు, ఎత్తు. ఒకరు ఎత్తు ముందు రాశారు, పెట్టె నిలువుగా తయారై వచ్చింది. యూనిట్ కూడా ఒక్కటే ఉండాలి, సగం సెంటీమీటర్లు, సగం మిల్లీమీటర్లు వద్దు. తయారీదారుకు తెలిసే ఉంటుందిలే అనుకోవద్దు. ఆయన ముందు రోజూ పదుల సంఖ్యలో పెట్టెలుంటాయి. మీ డబ్బా వ్యాసం ఆయనకు తెలియదు.

దెబ్బతిన్నవారిలో కొందరు ఈసారి భద్రంగా ఉంటుందని పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కోదాన్నీ 2 సెం.మీ. పెంచుతామంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి. సరిగ్గా చేసిన మన పెట్టె బయటి కొలత 24.9 × 16.5 × 9.8 సెం.మీ. చాలా కొరియర్ సంస్థలు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగించి, వచ్చినదాన్ని పెట్టె బరువుగా లెక్కిస్తాయి, అసలు బరువు అంతకన్నా తక్కువైనా సరే. అంటే 0.81 కిలోలు. ఒక్కో కొలతా 2 సెం.మీ. పెంచితే 1.17 కిలోలు. లోపలి సరుకు 700 గ్రాములే అయినా కిలో దాటిన రుసుము కట్టాలి, అదీ ప్రతి నెలా, ప్రతి చందాదారుకూ. పైగా ఖాళీలో డబ్బాలు దొర్లుతాయి. సరుకు పట్టడానికి లోపలి కొలత, రవాణా ఖర్చుకు బయటి కొలత. రెండూ వేర్వేరు గళ్లలో రాసుకోండి.

నెలనెలా సరుకు మారుతుంది కదా అని అడిగారు. అన్నిటికన్నా పెద్ద సరుకు వెళ్లే నెలకు పెట్టె చేయండి, మిగతా నెలల్లో లోపల అట్ట అమరికతో ఖాళీ నింపండి. నేనైతే నలిపిన కాగితం కన్నా మడిచిన అట్టనే ఎంచుకుంటాను. దారిలో అణగదు, తెరిచినప్పుడు చెత్తలా కనిపించదు. 

కొలవడానికి టేపు వద్దు, స్టీలు స్కేలు వాడండి. టేపు కొన దగ్గరి కొక్కెం కొద్దిగా కదులుతుంది.

అభ్యాసం: ఈసారి కాస్త శ్రమ ఉంది. అచ్చు లేని ఖాళీ నమూనాలు మూడు చేయించండి. అసలు సరుకు నింపి మూత వేయండి. చెవి దగ్గర పెట్టి ఊపండి, చప్పుడు వస్తే అమరిక సరిచేయండి. తర్వాత 76 సెం.మీ. ఎత్తు నుంచి గట్టి నేల మీద ఒక్కో పెట్టెను పదిసార్లు వదలండి. మొదట ఒక మూల మీద, తర్వాత ఆ మూలలో కలిసే మూడు అంచుల మీద, చివరికి ఆరు ముఖాల మీద. 10 కిలోల లోపు పొట్లాలకు ఇస్టా (రవాణాలో ప్యాకింగ్ భద్రతకు ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) 1ఎ పరీక్షలో ఉన్న వరుస ఇదే. ఏ దెబ్బకు మూత తెరుచుకుందో, ఏ డబ్బా సొట్టపడిందో అప్పటికప్పుడు రాయండి. పదో దెబ్బ తర్వాత పెట్టె తెరిచి లోపలి పొడవు మళ్లీ కొలిచి, మొదటి కొలత పక్కనే రాయండి. ఆ రెండు అంకెలు దగ్గర పెట్టుకునే అయిదో పాఠం తెరవండి.