కాటా ఆగకుండా మిల్లు సర్వర్ మార్చడం ఎలా?

ఏటా వేసవిలో, దాళ్వా పంట చేతికొచ్చే వేళకు, ధవళేశ్వరం దగ్గర కాలువలు కట్టేస్తారు. నీళ్ళు ఆగిన ఆ కొద్ది వారాల్లోనే పూడిక తీస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు, తూములు చూసుకుంటారు. సార్వా నారుమళ్ళ వేళకు మళ్ళీ నీళ్ళు వదులుతారు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో దేని తలుపులు దానికే ఉన్నాయి. ఒక పిల్లకాలువ తూము బిగించడానికి గోదావరినంతా ఆపనక్కరలేదు. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మన ప్రాంతానికి తెలిసిన పద్ధతి ఇది.

అదే డెల్టాలో ఒక బియ్యం మిల్లుకో, ఐసు ఫ్యాక్టరీకో, రొయ్యల మేత డీలరు దగ్గరికో వెళ్ళి చూడండి. లెక్కలు, కాటా, జీతాలు, జీఎస్టీ ఫైళ్ళు, కెమెరాల రికార్డింగు అన్నీ ఒకే పాత సర్వర్‌లో ఉంటాయి. ప్రింటరు డ్రైవరు మార్చాలన్నా మొత్తం ఆపాలి. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో తెలియదు కాబట్టి ఎవరూ దాన్ని ముట్టుకోరు.

ముట్టుకోకపోవడంలోనే ప్రమాదం ఉంది. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ సర్వర్ 2012కు 2023 అక్టోబర్ 10న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ బదులు వాడే లినక్స్ అయినంత మాత్రాన మినహాయింపు లేదు: దానిలో ఒక రకమైన సెంటొస్ 7 గడువు 2024 జూన్ 30తో తీరిపోయింది. ఆ తేదీల తర్వాత బయటపడే లోపాలకు మామూలుగా మందు రాదు. 2017 మే నెలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ పాకినప్పుడు దాన్ని ఆపే అప్‌డేట్ రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. అది వేసుకోని యంత్రాలే దానికి చిక్కాయి.

భీమవరం, పాలకొల్లు, మండపేట చుట్టుపక్కల పన్నెండేళ్ళుగా నేను చేస్తున్న పని ఇదే: ఒకే ముద్దగా ఉన్న సర్వర్‌ను విడివిడి భాగాలుగా (మాడ్యులర్‌గా), ఓపెన్ సోర్స్, అంటే లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉండే, ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి తేవడం. ఒక్క రాత్రిలో అంతా మార్చేస్తామని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

ముందు మాడ్యులర్ అంటే ఏమిటో చూద్దాం

మూడు పొరలు ఊహించుకోండి. అడుగున చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. డిస్కు, నెట్‌వర్కు, భద్రత చూసుకోవడం వరకే దాని పని. దాని మీద ఒక్కో సేవ ఒక్కో కంటెయినర్‌లో, అంటే మిగతావాటికి తగలకుండా తన సరంజామాతో ఉండే డబ్బా లాంటి దానిలో, నడుస్తుంది: డేటాబేసు ఒకదానిలో, జీతాల ప్రోగ్రామ్ ఇంకొకదానిలో. మూడోది డేటా. అది ఎప్పుడూ ఈ రెండింటికీ బయట, తన సొంత చోటులో ఉంటుంది. జీతాల కంటెయినర్ తీసేసి కొత్తది పెట్టినా కాటాకు ఆ సంగతే తెలియదు. అడుగు పొరను మార్చినా డేటా కదలదు.

మొదటి అడుగు: చిట్టా రాయండి

ఏ యంత్రంలో ఏ ప్రోగ్రామ్ ఉంది, దాన్ని ఎవరు వాడతారు, ఏ వేళల్లో, అది ఆగితే గంటలో ఏమవుతుంది, రోజులో ఏమవుతుంది. ఇదంతా కాగితం మీద ఉండాలి. యజమాని చెప్పింది రాసుకుంటే సరిపోదు. గుమాస్తా పక్కన ఒక పూట కూర్చోవాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక మిల్లులో ఈ పని సగమే చేశాను. సర్వర్ మీద ఆధారపడేవి నాలుగే అన్నారు, రాసుకున్నాను. పాత సర్వర్ ఆపిన పది నిమిషాలకు కాటా గది నుంచి గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. ‘లారీ కాటా మీదే ఉందండీ, బరువు చూపిస్తోంది కానీ రసీదు రావడం లేదు’ అన్నాడు. వెళ్ళి చూస్తే, కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ తీగ ద్వారా వచ్చే అంకెలను ఒక చిన్న ప్రోగ్రామ్ సర్వర్‌లోని ఫోల్డర్‌లో రాస్తోంది. రసీదు ప్రింటయ్యేది ఆ ఫోల్డర్‌లోంచే. ఆ ప్రోగ్రామ్ రాసినతను ఊరు వదిలి చాలా కాలమైంది. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి, ఆకాశంలో మబ్బు, బస్తాల మీద కప్పడానికి బరకాలు వెతుకుతున్నారు. పాత సర్వర్‌ను మళ్ళీ లేపేదాకా రైతులు అక్కడే నిలబడ్డారు. ఆ రోజు తర్వాత చిట్టా పూర్తికాకుండా ఏ యంత్రం స్విచ్చు మీదా చెయ్యి వేయలేదు.

కాటాను లినక్స్‌కు తెచ్చేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. సీరియల్ తీగను యూఎస్‌బీ మార్పిడి ముక్కతో తగిలిస్తే లినక్స్ దానికి ఒక వరుస సంఖ్యతో పేరు పెడుతుంది. ఇంకో పరికరం తగిలించి యంత్రాన్ని మళ్ళీ లేపితే ఆ సంఖ్య మారిపోవచ్చు. అందుకని వరుస సంఖ్యను నమ్ముకోకుండా, పరికరం గుర్తింపును బట్టి వచ్చే స్థిరమైన పేరుతో ప్రోగ్రామ్‌ను కట్టాలి. ఇంత చిన్న విషయానికి సీజనులో అర పూట పోతుంది.

రెండో అడుగు: కదలనివాటిని విడదీయండి

టాలీ ప్రైమ్ విండోస్ కోసం తయారైనది. డిజిటల్ సంతకం టోకెన్లు కొన్ని విండోస్ డ్రైవర్లతోనే సాఫీగా నడుస్తాయి. వీటితో పోరాడి లాభం లేదు. ప్రాక్స్‌మాక్స్ లాంటి డెబియన్ (ఒక రకం లినక్స్) ఆధారిత వ్యవస్థ వేసి, అందులో వర్చువల్ యంత్రంగా, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్‌గా, విండోస్‌ను ఉంచండి. అకౌంటెంటు ఎప్పటిలాగే పని చేసుకుంటారు, కానీ ఆ విండోస్ మొత్తం ఇప్పుడు ఒక ఫైలు కిందే లెక్క. పాడైతే నిన్నటి ప్రతిని తెచ్చి నిలబెట్టవచ్చు. పాత కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది కాబట్టి కొత్త లైసెన్సు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. సిబ్బంది బల్లల మీది కంప్యూటర్లను మాత్రం ఈ ఏడాది కదపకండి. సర్వర్ మార్పు, తెర మార్పు ఒకేసారి మీదపడితే మనుషులు తట్టుకోలేరు.

మూడో అడుగు: బ్యాకప్, దాన్ని వెనక్కి తెచ్చి చూడటం

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి ఊరి బయట. ఈ సూత్రం అందరికీ తెలుసు. డెల్టాలో ఊరి బయట అంటే పక్క ఊరు అనుకోకూడదు. 1996 నవంబర్ తుపానులో కోనసీమలో ఏం జరిగిందో పెద్దలను అడగండి. 2022 జూలై వరదలో లంక గ్రామాలు ఎన్నో ఒకేసారి నీళ్ళలో ఉన్నాయి. మీ రెండో ప్రతి పక్క లంకలోని బావగారి ఇంట్లో ఉంటే రెండూ ఒకే గోదావరి కింద ఉన్నట్టే. హైదరాబాద్‌లోనో, దేశంలోని ఏదైనా డేటా సెంటర్‌లోనో పెట్టండి. రెస్టిక్, బోర్గ్ అనే ఓపెన్ సోర్స్ సాధనాలు డేటాను తాళం వేసి పంపుతాయి, మారిన ముక్కలనే పంపుతాయి కాబట్టి నెమ్మది ఇంటర్నెట్ మీద కూడా పని జరుగుతుంది. ఆ తాళం పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే.

తర్వాత వేరే యంత్రంలో మొత్తం వెనక్కి తెచ్చి, నిన్నటి చివరి రసీదు నంబరు కనబడుతోందో లేదో కళ్ళతో చూడండి. అది చూడనిదే నాలుగో అడుగు వేయకండి.

నాలుగో అడుగు: యంత్రం ఎక్కడ పెట్టాలి

మేడ మీద. 1986, 2022 వరదల్లో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఊళ్ళో గోడలే చెబుతాయి. మిల్లులో ఇంకో శత్రువు తవుడు దుమ్ము. ఒకసారి సర్వర్ పెట్టె విప్పితే ప్రాసెసర్ ఫ్యాన్ రెక్కల మధ్య తవుడు తేమకు ముద్దకట్టి, గోధుమరంగు పిండిలా గట్టిపడి ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి కదలడం లేదు. నర్సాపురం, అంతర్వేది వైపు దీనికి ఉప్పుగాలి తోడవుతుంది. తలుపు మూసి ఉండే గది, నెలకోసారి శుభ్రం, ఒకే డేటాను రెండింట్లోనూ రాసే జంట డిస్కులు, యూపీఎస్ ఉండాలి. యూపీఎస్‌ను తీగతో సర్వర్‌కు కలిపి నట్ అనే ప్రోగ్రామ్ పెడితే, బ్యాటరీ అడుగంటేలోగా సర్వర్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది. కరెంటు కోతలో డేటాబేసు దెబ్బతినకుండా కాపాడేది ఇదే.

ఐదో అడుగు: అడుగు పొర ఎంచుకోవడం

సర్వర్ ఒకటో రెండో ఉండి, చూసుకునే మనిషి ఒక్కరే అయితే డెబియన్ స్టేబుల్ చాలు. 1993లో మొదలైన ప్రాజెక్టు. ఒక్కో విడుదలకు మూడేళ్ళ పూర్తి మద్దతు, ఆపై రెండేళ్ళ పొడిగింపు ఉంటుంది. తెరలు, ఆఫీసు ప్రోగ్రాములు ఏవీ వేయకుండా కనీస రూపంలో వేయండి.

శాఖలు మూడు నాలుగు ఊళ్ళలో ఉంటే మాత్రం ఓపెన్‌సూసే లీప్ మైక్రో, ఫెడోరా కోర్‌ఓఎస్, ఫ్లాట్‌కార్ లాంటివి చూడండి. వీటిలో సిస్టమ్ భాగం చదవడానికే తప్ప రాయడానికి వీలుండదు. అప్‌డేట్ వస్తే నడుస్తున్న దాన్ని ముట్టుకోకుండా పక్కన కొత్త ప్రతి తయారవుతుంది, యంత్రాన్ని మళ్ళీ లేపినప్పుడు ఆ ప్రతి నడుస్తుంది. తేడా వస్తే వెనకటి ప్రతికి తిరిగిపోవచ్చు. అమలాపురం శాఖలో అర్ధరాత్రి అప్‌డేట్ చెడిపోతే తెల్లవారేసరికి బండి వేసుకుని వెళ్ళే అవసరం తప్పుతుంది. మైక్రో‌ఓఎస్ పేరుతో ఓపెన్‌సూసేలోనే ఉన్న ఇంకోటి నిత్యం మారుతూ ఉండే రకం, మిల్లుకు నేను దాన్ని పెట్టను.

ఆరో అడుగు: ఒక్కో సేవను ఒక్కో కంటెయినర్‌లోకి

కంటెయినర్లను నడిపే పాడ్‌మాన్ గానీ డాకర్ గానీ వాడండి. అన్నిటికంటే తక్కువ నష్టం చేసే సేవతో మొదలుపెట్టండి. నేను ఎప్పుడూ సిబ్బంది హాజరుతో మొదలుపెడతాను, కాటాను చివర ఉంచుతాను. ప్రతి కంటెయినర్‌కు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది: ఏ ఇమేజి (కంటెయినర్ తయారయ్యే మూల ప్రతి), ఏ డేటా ఫోల్డరు, ఏ పోర్టు (నెట్‌వర్కులో ఆ సేవ దొరికే తలుపు నంబరు). ఆ ఫైళ్ళన్నీ గిట్‌లో పెట్టండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో నిలిచిపోతుంది.

ఇమేజి పేరు పక్కన ‘లేటెస్ట్’ అని వదిలేయకండి, వెర్షన్ సంఖ్య రాయండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసు 15వ వెర్షన్ రాసిన డేటా ఫోల్డరును 16వ వెర్షన్ నేరుగా తెరవదు. డంప్ (డేటా మొత్తం బయటికి రాసిన ఫైలు) తీసి కొత్తదానిలో పోయాలి, లేదా దాని అప్‌గ్రేడ్ సాధనం వాడాలి. ‘లేటెస్ట్’ అని రాస్తే ఏదో ఒక ఉదయం కొత్త ఇమేజి దిగి, డేటాబేసు లేవనంటుంది. డేటా ఎక్కడికీ పోదు, కానీ ఆ సంగతి తెలియనివాళ్ళు కంగారులో ఫోల్డరే తుడిచేస్తారు.

మన భాష పని కూడా ఈ అడుగులోనే. పాత ప్రోగ్రాముల్లో రైతుల పేర్లు ‘అను’ లాంటి పాత ఫాంట్ల పద్ధతిలో కొట్టి ఉంటే, ఆ ఫాంటు లేని చోట అవి అర్థంలేని ఇంగ్లిషు గుర్తులుగా కనిపిస్తాయి. వాటిని అన్ని యంత్రాలకూ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లోకి మార్చి, లోహిత్ తెలుగు లేదా నోటో ఫాంట్లు వేయండి. మార్చాక వెతుకులాట సరిగ్గా పని చేస్తోందా అని పరీక్షించండి. ‘సైదులు’ అనే పేరులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వం, ఐత్వపు గుర్తు కలిపి రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, డేటాబేసుకు వేరు. అన్నిటినీ ఎన్‌ఎఫ్‌సీ అనే, ఇలాంటి గుర్తులను కలిపి ఒకటిగా రాసే రూపంలోకి తెచ్చుకోకపోతే ఒకే రైతుకు రెండు ఖాతాలు పుడతాయి, ధాన్యం డబ్బు ఒకదానిలో పడితే ఆయన పాసుబుక్కు ఇంకోదాన్ని చూపిస్తుంది. కంప్యూటర్ పొరపాటుకు ఆయన చెప్పులరిగేలా తిరగకూడదు. ఈ ఒక్క పనికి వారం పట్టినా పట్టనివ్వండి.

ఏడో అడుగు: రెండూ పక్కపక్కన

ధాన్యం వచ్చే ఏప్రిల్, మేలలోనూ, నవంబర్, డిసెంబర్‌లలోనూ అసలు వద్దు. జూన్ రెండో సగం గానీ సెప్టెంబర్ గానీ ఎంచుకోండి. పాతదీ కొత్తదీ పక్షం రోజులు కలిసి నడవాలి. రోజూ సాయంత్రం రెండిటి మొత్తాలు తీసి చూడండి: ఎన్ని రసీదులు, ఎన్ని క్వింటాళ్ళు, ఎన్ని రూపాయలు. పైసా తేడా వచ్చినా కారణం దొరికేదాకా పాతదాన్ని ఆపకండి. వరుసగా పది రోజులు సరిపోయాక కొత్తదాన్ని అసలు చేసి, పాత యంత్రాన్ని తుడవకుండా ఒక సీజను పాటు గదిలో ఉంచండి.

మార్చాక

నెలకు ఒక రోజు నిర్ణయించండి. మేము రెండో ఆదివారం సాయంత్రం పెట్టుకున్నాం, మిల్లులో అందరూ దాన్ని ‘కాలువ కట్టు’ అనే అంటారు. ఆ రోజు అప్‌డేట్లు, బ్యాకప్ వెనక్కి తెచ్చి చూడటం, ఫ్యాన్ల శుభ్రం. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు లాగ్‌లను (యంత్రంలో జరిగిన పనుల చిట్టాలను) 180 రోజులు ఉంచాలి, సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలపాలి. మూడూ ఇదే రోజు సరిచూసుకోండి.

సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు కాబట్టి పని చేసేవారికి కూడా ఏమీ ఇవ్వనక్కరలేదని కొందరు అనుకుంటారు. మిగిలిన లైసెన్సు సొమ్ములో కొంత శిక్షణకు, ఏటా నిర్వహణకు కేటాయించండి. నాలాంటి బయటి మనిషి ఒక్కడి మీదే ఆధారపడకుండా మీ ఊరి పిల్లల్లో ఒకరిని దీనిలో తయారుచేయండి.

ఆఖరి పరీక్ష ఇలా చేయండి. మొత్తం పద్ధతిని ఒక రూళ్ళ పుస్తకంలో తెలుగులో రాసి గుమాస్తా చేతికివ్వండి. సర్వర్‌ను ఆపి, తిరిగి లేపి, కాటా రసీదు ఒకటి ప్రింటు తీయమనండి. మీరు పక్కనే నిలబడండి, కానీ నోరు విప్పకండి. ఆయన ఎక్కడ ఆగి మీ వైపు చూస్తే, పుస్తకంలో ఆ చోట ఒక వాక్యం చేర్చి, మర్నాడు మళ్ళీ మొదటి నుంచి చేయించండి.